పల్స్ ముందు, పేరు తర్వాత: జీపీఎస్ గడియారం ప్రాజెక్టు డైరీ

ఎందుకీ పని

చంద్రుడి చాటుకు వెళ్లే నక్షత్రం మెల్లగా మసకబారదు, ఠక్కున ఆరిపోతుంది. చంద్రుడికి గాలిపొర లేకపోవడం, నక్షత్రం మనకు చుక్కంతే కనిపించడం దీనికి కారణం. అది ఆరిన క్షణాన్ని కచ్చితంగా నమోదు చేయడమే మేము చేసే పరిశీలన. చంద్రుడి బదులు ఏదైనా గ్రహశకలం అడ్డొస్తే లెక్క ఇంకా సూక్ష్మంగా ఉండాలి. దాని నీడ నేల మీద చాలాసార్లు సెకనుకు పది కిలోమీటర్లకు పైగా పరుగెడుతుంది. పదో వంతు సెకను తేడా వచ్చిందంటే ఆ రాయి ఉన్న చోటు కిలోమీటరుకు పైగా జరిగిపోయినట్టే.

ఇంట్లో ఉన్నప్పుడు ఇంటర్నెట్ టైము సర్వర్లతో చాలావరకు నెట్టుకురావచ్చు. కానీ మేము ఆకాశం చూసేది వికారాబాద్ వైపు వెళ్లి. అక్కడ చీకటి బాగుంటుంది, సిగ్నల్ ఉండదు. కాబట్టి ఇంటర్నెట్ ఊసే లేకుండా, నేరుగా జీపీఎస్ ఉపగ్రహాల నుంచి టైము తీసుకుని లాప్‌టాప్‌కు ఇచ్చే చిన్న పెట్టె కావాలి. మిల్లీసెకను కచ్చితత్వం వస్తే మాకు చాలు. ఇందులో నాతో పాటు మా మేనల్లుడు ఉన్నాడు. డిప్లొమాలో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాడు, సోల్డరింగ్‌లో నాకంటే చెయ్యి తిరిగినవాడు.

శనివారం, నవంబరు 15

కోఠి గుజరాతీ గల్లీలో నియో-6ఎం అనే జీపీఎస్ రిసీవర్ బోర్డు తీసుకున్నాం. యూబ్లాక్స్ వాళ్ల పాత చిప్పు, పైన చదరపు సిరామిక్ యాంటెన్నా. ఇంతకంటే కొత్తవి, టైమింగ్ కోసమే చేసినవి ఉన్నాయి గానీ మా అవసరానికి ఇది సరిపోతుంది. పైగా దీని గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, అనుమానం వస్తే వెతుక్కోవచ్చు. దీన్ని కలపడానికి ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై 3 అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఎలాగూ ఉంది.

డాబా మీద వాటర్ ట్యాంకుకు దూరంగా, నాలుగు వైపులా ఆకాశం కనిపించే చోట యాంటెన్నా పెట్టాం. కాసేపటికి బోర్డు మీద ఎర్ర లైటు సెకనుకోసారి మిణుకుమనడం మొదలైంది. అంటే ఉపగ్రహాలు దొరికాయి. సీరియల్ తీగ నుంచి 9600 బాడ్ వేగంతో లైన్లు దిగుతున్నాయి. అందులో మాకు కావాల్సిన లైను ఇలా ఉంది. ఇంటి అడ్రసు బయటపడకుండా చివరి అంకెలు తీసేశాను:

డాలర్ గుర్తు, జీపీఆర్ఎంసీ, 134207.00, ఏ, 1723..., ఎన్, 07831..., ఈ, 0.012, ఖాళీ, 151125, ఆ తర్వాత నక్షత్రపు గుర్తు, రెండు అక్షరాల చెక్‌సమ్ (లైను చెడకుండా వచ్చిందో లేదో చూసుకునే గుర్తు).

134207.00 అంటే యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం 13 గంటల 42 నిమిషాల 7 సెకన్లు. మన టైముకు ఐదున్నర గంటలు కలిపితే సాయంత్రం 7:12 దాటి 7 సెకన్లు. 151125 తేదీ: రోజు, నెల, సంవత్సరంలో చివరి రెండంకెలు. మధ్యలో ఉన్న ‘ఏ’ ముఖ్యం. రిసీవర్ తన లెక్క సరిగ్గా కుదిరిందని చెబుతున్నట్టు. కుదరకపోతే అక్కడ ‘వీ’ ఉంటుంది. ‘వీ’ ఉన్నా సరే లైన్లో గంటలు, నిమిషాలు కనిపించవచ్చు, ఎందుకంటే బోర్డులోని చిన్న బ్యాటరీ మీద ఒక మామూలు గడియారం నడుస్తూనే ఉంటుంది. ఆ టైమును నమ్మకూడదు. మా స్క్రిప్టులో మొదటి షరతు ఇదే: ‘ఏ’ లేని లైను పక్కన పడేయాలి. రెండోది, డాలర్‌కు, నక్షత్రపు గుర్తుకు మధ్య ఉన్న అక్షరాలన్నిటినీ ఎక్స్-ఆర్ (బిట్లను ఒకదానితో ఒకటి పోల్చే లెక్క) చేస్తే చివరి రెండు అక్షరాలతో సరిపోవాలి. సరిపోకపోతే అదీ పక్కకే.

తేదీ విషయం ఒకటి ముందే రాసిపెట్టుకున్నాం. మనకు రాత్రి 12 దాటి తేదీ మారినా, తెల్లవారుజామున 5:30 దాకా ఈ లైన్లో నిన్నటి తేదీయే ఉంటుంది. మేము పని చేసేదే ఆ వేళల్లో. అందుకే పరిశీలన పుస్తకంలో అన్నీ యూటీసీలోనే రాయాలని నిర్ణయించాం.

ఆదివారం: లైను ఎంత ఆలస్యంగా వస్తోంది?

“మామా, లైన్లో సెకను ఉంది కదా, చదివేసి కంప్యూటర్ గడియారం దిద్దేస్తే అయిపోయె కదా” అన్నాడు మావాడు. అందరికీ ముందు తట్టేది అదే. ఈ ప్రాజెక్టులో అసలు మర్మం కూడా అక్కడే ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

లైన్లో రాసిన టైము ఉపగ్రహాల కొలత తీసుకున్న క్షణానిది. ఆ తర్వాత రిసీవర్ లెక్క కట్టాలి, లైను తయారు చేయాలి, ఒక్కో అక్షరం తీగ మీదికి ఎక్కించాలి. 9600 బాడ్ అంటే సెకనుకు 960 అక్షరాలు, అంటే అక్షరానికి మిల్లీసెకను పైచిలుకు. పైన చూపిన జీపీఆర్ఎంసీ లైను, పొట్టిగా ఆర్ఎంసీ, సుమారు 67 అక్షరాలు, ఒక్కటే దిగడానికి 70 మిల్లీసెకన్లు పడుతుంది. అది కాక ఈ బోర్డు ప్రతి సెకనూ వీటీజీ, జీజీఏ, జీఎస్ఏ, జీఎస్వీ, జీఎల్ఎల్ లైన్లు కూడా పంపుతుంది. అన్నీ కలిపితే 500 అక్షరాల దాకా ఉంటాయి. సెకనులో సగం ఆ లైన్లు దిగడానికే సరి.

ఈ ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉంటే బాధ లేదు, తీసేస్తే సరిపోతుంది. ఒకేలా ఉండదు. జీఎస్వీ లైను ఒక్కోదాంట్లో నాలుగు ఉపగ్రహాల వివరాలే పడతాయి. ఆకాశంలో ఎనిమిది ఉపగ్రహాలు కనిపిస్తే రెండు లైన్లు, తొమ్మిదోది మొలిచిందంటే మూడో లైను. ఆ మూడో లైను చిన్నదే అయినా, దాని వెనక వచ్చే జీఎల్ఎల్ లైను ఆ మేరకు వెనక్కి జరిగిపోతుంది. జీఎల్ఎల్‌లో కూడా టైము ఉంటుంది. దాన్ని పట్టుకుని గడియారం దిద్దితే, ఆకాశంలో ఉపగ్రహం ఉదయించినప్పుడల్లా మన సెకను కదులుతుంది! ఆర్ఎంసీ అన్నిటికంటే ముందు వస్తుంది కాబట్టి దానికి ఈ బెడద లేదు. అయినా రిసీవర్ లెక్క కట్టే సమయం కొంచెం అటూ ఇటూ అవుతూనే ఉంటుంది.

సీరియల్ తీగను కంప్యూటర్‌కు కలపడానికి యూఎస్బీ అడాప్టర్ వాడితే ఇంకో మెలిక. ఎఫ్‌టీడీఐ చిప్పు ఉన్న అడాప్టర్లు అక్షరాలను కొంచెం పోగేసి పంపుతాయి, మామూలుగా 16 మిల్లీసెకన్ల దాకా ఆపుకుంటాయి. అందుకని అడాప్టర్ తీసేసి రాస్ప్‌బెర్రీ పై సీరియల్ పిన్నులకే నేరుగా కలిపాం. పనికిరాని లైన్లన్నీ ఆపేసి ఆర్ఎంసీ ఒక్కటే ఉంచాం.

ఇంత చేశాక కూడా, లైను మీద మాత్రమే ఆధారపడితే పదుల మిల్లీసెకన్ల ఊగిసలాట తప్పదు. మన పరిశీలనకు అది చాలదు.

పల్స్ తీగ

పరిష్కారం బోర్డులోనే ఉంది. నియో-6ఎం మూడో పిన్ను నుంచి సెకనుకో పల్స్ వస్తుంది. పల్స్ పైకి లేచే అంచు సరిగ్గా సెకను మొదలయ్యే క్షణంలో పడుతుంది. తయారీదారు చెప్పే కచ్చితత్వం సుమారు 30 నానోసెకన్లు. ఒక నానోసెకనులో వెలుతురు 30 సెంటీమీటర్లు వెళ్తుంది. ఐదు మీటర్ల యాంటెన్నా కేబుల్ వేస్తే అదొక్కటే 25 నానోసెకన్ల ఆలస్యం. మాకు మిల్లీసెకన్లు చాలు కాబట్టి కేబుల్ లెక్క వదిలేశాం.

ఇది ఎలా పనిచేస్తుందో మావాడికి చెప్పడానికి నాకు ఆకాశవాణి గుర్తొచ్చింది. వార్తలకు ముందు బీప్‌లు వినిపిస్తాయి, ఆ తర్వాత టైము ఎంతైందో గొంతు చెబుతుంది. చేతిగడియారం సరిచేసుకునేది బీప్‌ను బట్టి. ఆ బీప్ ఏ గంటదో తెలిసేది గొంతును బట్టి. మా పెట్టెలో పల్స్ బీప్, ఆర్ఎంసీ లైను గొంతు. సెకను ఎప్పుడు మొదలైందో పల్స్ చెబుతుంది, అది ఏ సెకనో చెప్పదు. లైను పేరు చెబుతుంది, క్షణం చెప్పదు.

ఈ చవక బోర్డుల్లో బయటికి నాలుగు పిన్నులే ఇస్తారు: కరెంటు, గ్రౌండ్, రావడానికి, పోవడానికి సీరియల్. పల్స్‌కు పిన్ను లేదు. చిప్పు అంచున మూడో కాలికే తీగ అతికించాలి. పక్క కాళ్లకు దూరం మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. పాత రిలే కాయిల్ విప్పి, అందులో వెంట్రుకంత సన్నని ఎనామెల్ తీగ తీశాం. కొస మీద ఎనామెల్‌ను బ్లేడుతో గీకి, ముందే కొంచెం టంకం పట్టించి, కాలి మీద ఫ్లక్స్ రాసి, సోల్డరింగ్ ఐరన్ మొన అలా ఆనించి తీసేశాడు మావాడు. రెండు సెకన్లు కూడా పట్టలేదు. పక్క కాళ్లు కలవలేదని భూతద్దంతో చూసి, మల్టీమీటర్‌తో కూడా చూశాం. తీగ లాగితే ఊడకుండా పైన వేడి జిగురు వేశాం. వోల్టేజి 3.3 కాబట్టి రాస్ప్‌బెర్రీ పై పిన్నుకు నేరుగా పెట్టొచ్చు. 5 వోల్టుల బోర్డయితే మాత్రం అలా కలపకూడదు, రాస్ప్‌బెర్రీ పై పిన్ను కాలిపోతుంది.

తీగను రాస్ప్‌బెర్రీ పైలో జీపీఐఓ 18 అనే పిన్నుకు కలిపి, బూట్ సెట్టింగ్స్‌లో పీపీఎస్ (సెకనుకో పల్స్) ఓవర్‌లే రాసి, మళ్లీ ఆన్ చేశాం. టెస్ట్ ప్రోగ్రాం నడిపితే సెకనుకో వరుస వస్తోంది. ఒక జాగ్రత్త: పల్స్ వెడల్పు 100 మిల్లీసెకన్లు. లేచే అంచుకు బదులు దిగే అంచును పట్టుకుంటే అంతా నిలకడగానే కనిపిస్తుంది గానీ సెకనులో పదో వంతు వెనకబడిపోతుంది. ఏ అంచు పట్టుకున్నామో సెట్టింగ్‌లో చూసుకోవడం తప్పనిసరి.

రెండిటినీ జత చేయడం

కంప్యూటర్ గడియారాన్ని దిద్దే క్రోనీ అనే ప్రోగ్రాంకు రెండు ఆధారాలు ఇచ్చాం. లైను నుంచి వచ్చే టైము ఒకటి, దాన్ని సొంతంగా ఎంచుకోవద్దని చెప్పాం. పల్స్ రెండోది, దాని పేరు మాత్రం మొదటిదాన్ని అడిగి తెలుసుకొమ్మన్నాం.

ఇక్కడే అందరూ ఒకసారి ఆగి చూడాల్సిన విషయం ఉంది. లైను చెప్పిన సెకను ఏ పల్స్‌ది? ఈ రిసీవర్లో అప్పుడే దాటిపోయిన పల్స్‌ది. క్రోనీకి అది తెలియదు. లైను టైముకు ఏ పల్స్ దగ్గరగా ఉంటే దానికే ఆ పేరు పెడుతుంది. లైను ఆలస్యం సగం సెకను లోపు ఉన్నంత వరకు పేరు సరైన పల్స్‌కే పడుతుంది. సగం దాటిందా, పక్క పల్స్‌కు పడుతుంది. అప్పుడు మన గడియారం నిండుగా ఒక సెకను వెనక ఉంటుంది. మైక్రోసెకన్ల నిలకడ కనిపిస్తూనే ఉంటుంది, తెరమీద అంకెలన్నీ ముద్దొస్తుంటాయి, టైము మాత్రం తప్పు. అన్ని లైన్లూ ఆన్‌లో ఉంచి 9600 బాడ్‌లో చివరి లైను టైము తీసుకుంటే సరిగ్గా ఈ గుంటలోనే పడతాం. నిలకడ వేరు, నిజం వేరు అని ఇంత స్పష్టంగా చూపించే పరికరం ఇంకోటి నాకు తెలీదు.

అందుకని ఆలస్యాన్ని కొలిచాం. పల్స్ పడ్డ క్షణం, ఆ తర్వాత డాలర్ గుర్తు వచ్చిన క్షణం, ఆర్ఎంసీ చివరి అక్షరం వచ్చిన క్షణం, మూడూ రాసుకునే చిన్న పైథాన్ స్క్రిప్టు. రాత్రంతా వదిలేశాం. చివరి అక్షరం పల్స్ తర్వాత 200 మిల్లీసెకన్లకు కొంచెం అటూ ఇటుగా వస్తోంది. ఆ అంకెను క్రోనీలో ఆఫ్‌సెట్‌గా (సరిచేయాల్సిన తేడాగా) ఇచ్చాం. ఇప్పుడు లైను టైము పల్స్‌కు చాలా దగ్గర్లో పడుతోంది, పేరు తారుమారయ్యే ప్రసక్తి లేదు. పొద్దున చూస్తే పీపీఎస్ వరుస పక్కన నక్షత్రపు గుర్తు, అంటే క్రోనీ దాన్నే ఎంచుకుంది, తేడా కొన్ని మైక్రోసెకన్లు. మావాడు ఫోటో తీసి వాళ్ల క్లాసు గ్రూపులో పెట్టుకున్నాడు.

అమ్మకు కూడా చూపించాం. “అయితే ఇక వంటింటి గడియారం దీన్ని చూసి పెట్టుకోవచ్చన్నమాట” అంది. పెట్టాం.

మూడు సెకన్ల తేడా

ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల మన దేశపు అధికారిక టైము నిర్వహిస్తుంది. వాళ్ల ఇంటర్నెట్ సర్వర్‌తో పోల్చి చూద్దామని పెట్టెను పూర్తిగా ఆపి, బోర్డు మీది బ్యాటరీ కూడా ఖాళీ అయ్యాక మళ్లీ పెట్టాం. లైన్లో ‘ఏ’ వచ్చింది. పోలిస్తే మూడు సెకన్లు ముందుంది! కాసేపు ఆగితే దానంతటదే సరిపోయింది. ఇప్పుడు తేడా కొన్ని మిల్లీసెకన్లే, అది బ్రాడ్‌బ్యాండ్ రాకపోకల్లో వచ్చేది.

దీని వెనక కథ నాకు చాలా ఇష్టమైనది. జీపీఎస్ టైము 1980 జనవరి 6న మొదలై ఆగకుండా నడుస్తోంది, అందులో లీప్ సెకన్లు ఉండవు. యూటీసీలో భూమి తిరుగుడును బట్టి అప్పుడప్పుడు ఒక సెకను కలుపుతారు. ఆఖరిసారి 2016 డిసెంబరు 31న కలిపారు. 2017 జనవరి 1 నుంచి జీపీఎస్ టైము యూటీసీ కంటే 18 సెకన్లు ముందుంది. ఆ 18 అనే అంకెను కూడా ఉపగ్రహాలే పంపుతాయి. కానీ సెకనుకు 50 బిట్ల వేగంతో పంపే ఆ సందేశం మొత్తం ఒక చుట్టు పూర్తవడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. అందులో ఒక్కచోట, నాలుగో సబ్‌ఫ్రేమ్ 18వ పేజీలో, ఈ అంకె ఉంటుంది. అది అందేదాకా రిసీవర్ తన ఫర్మ్‌వేర్‌లో (చిప్పులోనే ఉండే ప్రోగ్రాంలో) రాసి ఉన్న పాత అంకెతోనే లెక్క కడుతుంది. 2009 నుంచి 2012 మధ్య దాకా ఆ తేడా 15 సెకన్లు. ఆ కాలంలో రాసిన ఫర్మ్‌వేర్ అయితే 18కి బదులు 15 తీసేస్తుంది, మూడు సెకన్లు ముందుంటుంది. మా పాత చిప్పులో కనిపించింది సరిగ్గా అదే.

‘ఏ’ అక్షరానికి ఈ సంగతి పట్టదు. స్థానం కుదిరిందా లేదా అన్నదే అది చెప్పేది. యూబ్లాక్స్ సొంత బైనరీ మెసేజ్‌లలో లీప్ సెకను అంకె చెల్లుతుందో లేదో చెప్పే జెండా విడిగా ఉంది. మా స్క్రిప్టులో దాన్ని చేర్చాం. అది పైకి లేస్తేనే పెట్టె మీద పచ్చ లైటు. వికారాబాద్‌లో దిగగానే ముందు పెట్టె ఆన్ చేసి, తర్వాత టెలిస్కోప్ బిగించుకోవాలి.

శనివారం, నవంబరు 22: పాత రిసీవర్

స్నేహితుడి దగ్గర పాత జీపీఎస్ రిసీవర్ ఒకటి మూలన పడి ఉంటే తెచ్చాం, స్పేర్‌గా పనికొస్తుందని. ఆన్ చేస్తే గంటలు, నిమిషాలు, సెకన్లు సరిగ్గా ఉన్నాయి. తేదీ మాత్రం 2006 ఏప్రిల్ 8! అదీ శనివారమే.

జీపీఎస్ పాత సందేశంలో వారాల సంఖ్యకు 10 బిట్లే కేటాయించారు. 1024 వారాలకు, అంటే 7168 రోజులకు, ఆ లెక్క మళ్లీ సున్నా అవుతుంది. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో రెండోసారి అయింది. మూడోది 2038 నవంబరులో. ఏ చుట్టులో ఉన్నామో రిసీవరే ఊహించుకోవాలి. పాత ఫర్మ్‌వేర్ ఊహ గడువు దాటితే తేదీ 1024 వారాలు వెనక్కి పోతుంది. వెనక్కి పోయేది సరిగ్గా వారాల లెక్కలో కాబట్టి వారం పేరు మారదు. సాఫ్ట్‌వేర్‌కు కూడా ఇది తప్పలేదు. 2021 అక్టోబరు 24న రిసీవర్ పంపే లైన్లు చదివే జీపీఎస్‌డీ ప్రోగ్రాం కొన్ని వెర్షన్లలో తేదీ 2002 మార్చికి వెళ్లిపోయేలా ఒక లోపం బయటపడింది. ముందే గుర్తించి సరిచేశారు.

మా స్క్రిప్టుకు ఒక్క షరతు చేర్చాం: తేదీ 2025 కంటే ముందుదైతే 7168 రోజులు కలుపు. పాత రిసీవర్ దారిలో పడింది. పల్స్ బాగానే ఇస్తోంది, స్పేర్‌గా ఉంచుతున్నాం.

దీని తర్వాత నావిక్, అంటే మన దేశపు సొంత జీపీఎస్ లాంటి వ్యవస్థ, సిగ్నల్ తీసుకునే రిసీవర్ మీద మనసుంది. నియో-6ఎంకు మన ఉపగ్రహాలు వినపడవు. నావిక్ తొలి తరం ఎల్5, ఎస్ అనే రేడియో బ్యాండ్లలోనే మాట్లాడేది. 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంతో ఎల్1 బ్యాండ్ వచ్చింది, దాంతో పాటే మన దేశంలో చేసిన రుబీడియం గడియారం కూడా. తొలి ఉపగ్రహం ఐఆర్ఎన్ఎస్ఎస్-1ఏలో దిగుమతి చేసుకున్న మూడు అణు గడియారాలూ పాడైపోయాక ఆ ఒక్క పరికరం కోసం మనవాళ్లు ఎంత కష్టపడి ఉంటారో ఈ పని చేస్తున్నకొద్దీ తెలిసొస్తోంది. స్థానం చెప్పే ఉపగ్రహం అంటాం గానీ, అది పంపేది టైమే. నాలుగు ఉపగ్రహాలు ఎందుకు కావాలంటే, మనం ఉన్న చోటుకు మూడు, మన రిసీవర్ గడియారం ఎంత తప్పో తెలియడానికి నాలుగోది. నావిక్ ఉపగ్రహాల వివరాలిచ్చే లైన్ల మొదట్లో ‘జీపీ’కి బదులు ‘జీఐ’ అక్షరాలు కనిపిస్తాయి. ఆ రెండక్షరాలు మా డాబా మీద చూడాలని ఉంది.

కెమెరా

పెట్టె టైము సరే, వీడియోలో ప్రతి ఫ్రేముకూ లాప్‌టాప్ వేసే టైము సరైనదేనా? పల్స్ తీగ నుంచి చిన్న ట్రాన్సిస్టర్‌తో ఒక ఎల్ఈడీ వెలిగించి, లెన్సు మూల నుంచి కెమెరాకు కనిపించేలా పెట్టాం. 25 ఫ్రేముల వీడియోలో ఫ్రేముకు 40 మిల్లీసెకన్లు. 100 మిల్లీసెకన్ల వెలుగు వరుసగా కొన్ని ఫ్రేముల్లో పడుతుంది. సెకను మొదలవగానే వెలిగేది కాబట్టి, మొదటి వెలుగు ఫ్రేము మీద టైము సున్నాకు, 40కి మధ్య ఉండాలి. ఉన్నది 110కి, 150కి మధ్య. కెమెరా, కేబుల్, లాప్‌టాప్ కలిసి 110 మిల్లీసెకన్ల దాకా తింటున్నాయన్నమాట.

ఫ్రేము రేటు కచ్చితంగా 25 కాదు, కొంచెం తక్కువ. దానివల్ల ఎల్ఈడీ వెలిగే క్షణం ఫ్రేములో మెల్లగా జరుగుతూ పోతుంది. కొన్ని నిమిషాల వీడియో తీసి, వెలుగు ఒక ఫ్రేము నుంచి పక్క ఫ్రేముకు దాటే చోటు పట్టుకుంటే ఆ 110 ఎంతో ఇంకా దగ్గరగా తేలుతుంది. ఎక్స్‌పోజర్ మారిస్తే ఈ అంకె కూడా మారుతోంది. అందుకని మేము వాడే ఒక్కో ఎక్స్‌పోజర్‌కూ విడివిడిగా పట్టిక వేస్తున్నాం. సగం అయింది. మిగతా సగం మావాడి పరీక్షలయ్యాక. అప్పటిదాకా పెట్టె డాబా మీదే, వాన పడకుండా మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో, ఇన్వర్టర్ లైను మీద నడుస్తుంటుంది.